రెండుసార్లు తీసేసిన ఎనభై

మిషన్ సరిచూడ్డానికి వచ్చిన సర్వీస్ ఆయన స్క్రీన్ మూలకి గుండీ అంత గాజు కన్ను అంటించాడు. దాని తీగ తెచ్చి తన పెట్టెకి గుచ్చాడు. స్క్రీన్ మీద ఎర్ర దీపం వెలిగింది, ఆరింది. అలా నలభైసార్లు.

"మీ మిషన్ బంగారం మేడం," అన్నాడు పొట్ట నిమురుకుంటూ. "తేడా సున్నా. నేనిక టీ తాగి బయల్దేరొచ్చు."

"సున్నా ఎలా అవుతుంది?" అంది మిల్లీ మేడం. "ఎనభై ఉండాలిగా."

ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. ఆ బస్సు డిపోలో ఉన్న నాలుగొందల మంది డ్రైవర్లకీ ఆమె మిల్లీ మేడమే. సెకనుని వెయ్యి ముక్కలు చేసి ముక్కముక్కకీ జవాబు అడుగుతుందని ఆ పేరు పెట్టారు. మా ఆవిడే నయం, నిమిషాలతో సరిపెట్టుకుంటుంది అని ఒకడంటే, గదంతా నవ్వేది. ఆమే ముందు నవ్వేది.

ఆమె గదిలో ఒక పాత బస్సు సీటు, దాని ముందు నిజం బ్రేకు పెడల్, ఎదురుగా స్క్రీన్. డ్రైవర్ నెత్తిన తీగల టోపీ పెడుతుంది. ఎర్ర దీపం వెలగ్గానే పెడల్ తొక్కాలి. మిషన్ రెండు అంకెలు ఇస్తుంది. దీపం చూశాక మెదడులో అల లేవడానికి ఎంతసేపు పట్టింది, కాలు కదిలి పెడల్ తొక్కడానికి ఎంతసేపు పట్టింది. మొదటి అంకె ఏదో కాలేజీ వాళ్ళ పరిశోధనకి పోతుంది. రెండోదే డ్రైవర్ బతుకు. నలభై దీపాల సగటు ఏడొందల మిల్లీసెకన్లు దాటిందా, స్టీరింగు దిగాల్సిందే.

అయితే అందులో ఒక మెలిక ఉంది. కంప్యూటర్ 'వెలుగు' అన్నాక స్క్రీన్ నిజంగా వెలగడానికి ఎనభై మిల్లీసెకన్లు పడుతుంది. ఆ ఆలస్యం స్క్రీన్‌ది, డ్రైవర్‌ది కాదు. అందుకే ఆమెకి పని నేర్పిన పెద్ద సార్ మొదటి రోజే చెప్పాడు. "మిషన్ మాట నమ్మకమ్మా. ఎనభై తీసేసి రాయి." పదకొండేళ్ళుగా తీస్తూనే ఉంది. ఇంట్లోంచి వస్తూ తాళం వేసినట్టు, వేశానా లేదా అని ఆలోచించకుండా.

"అది పాత కథ మేడం," అన్నాడు సర్వీస్ ఆయన. "ఎనిమిది నెలల కిందట కొత్త ప్రోగ్రాం వేశాంగా? అప్పట్నుంచీ ఆ ఎనభై మిషనే తీసేసుకుంటోంది. కాగితం అడుగున ఉంటుంది చూడండి, చీమ తలకాయంత అక్షరాల్లో."

ఆమె ఒక కాగితం లాగి కళ్ళ దగ్గర పెట్టుకుంది. అడుగున, పేజీ నంబరు పక్కన, 'సవరించిన విలువ' అని ఉంది.

"మీరు మళ్ళీ తియ్యడంలేదు కదా?" అని నవ్వాడాయన.

ఆమె నవ్వలేదు. ఆయన నవ్వు కూడా సగంలో ఆగిపోయింది.

మిల్లీ మేడం బీరువా తెరిచింది. ఆమెకి కావలసిన పేజీ ఏదో వెతుక్కోనక్కర్లేదు. ఇరవై రోజుల నుంచీ అది కళ్ళు మూసినా కనిపిస్తూనే ఉంది. మిషన్ ఇచ్చింది ఏడొందల ముప్ఫై అయిదు. పక్కన తన చేత్తో, నీలం సిరాతో: ఆరొందల యాభై అయిదు. కింద ముద్ర: అర్హుడు.

ఆ డ్రైవర్ ఆమె బావ. అక్క మొగుడు.

ఇరవై రోజుల కిందట, ఆ ముద్ర పడిన మూడో వారంలో, బావ నడుపుతున్న బస్సు ఒక స్కూలు ముందు ఆయాని గుద్దింది. పిల్లల్ని రోడ్డు దాటించి, ఆవిడ వెనక్కి వస్తోంది. పిల్లలందరూ చూస్తుండగా పోయింది. బస్సు కెమెరాలో అంతా ఉంది. ఆయా ఆగి ఉన్న వ్యాను చాటునుంచి బయటికొచ్చాక బ్రేకు పడటానికి రెండు సెకన్ల పైన పట్టింది. గదిలో దీపం కోసం కాచుకుని కూచోవడం వేరు, రోడ్డు మీద వేరు కాబట్టి అక్కడ ఒకటిన్నర సెకను దాకా మన్నిస్తారు. రెండు మన్నించరు.

బావ మొదట్నుంచీ ఒకటే మాట. "చూశాను. ఆవిడ కనపడుతూనే ఉంది. కాలు రాలేదు."

ఎవరూ నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణం ఆమె ముద్రే. ఆరొందల యాభై అయిదు ఉన్నవాడికి కాలు రాకపోవడమేమిటి? చూడలేదు, దిక్కులు చూస్తున్నాడు, అంతే. అదే తేలితే జైలు. జబ్బని తేలితే ఆసుపత్రి. ఈ రోజు మూడు గంటలకి విచారణ అధికారి అదేదో తేలుస్తాడు. పోలీసులు అందాకా ఆగారు.

"మేడం, నీళ్ళు తాగండి," అన్నాడు సర్వీస్ ఆయన.

ఆమె తాగలేదు. ఎనిమిది నెలల కాగితాలూ ముందేసుకుని తీసేసిన ఎనభైలన్నీ మళ్ళీ కలుపుకుంటూ వెళ్ళింది. పదకొండున్నరకి పెన్ను కింద పెట్టింది. ఏడొందలు దాటినవాళ్ళు పన్నెండు మంది. బావని తీసేస్తే పదకొండు. వాళ్ళలో ఏడుగురు ఈ నిమిషంలో ఊరి మీద బస్సులు నడుపుతున్నారు.

ఉన్నదున్నట్టు ఒక పేజీ రాసింది. సంతకం పెట్టి పట్టుకెళ్ళింది.

డిపో మేనేజరు ఆ పేజీ రెండుసార్లు చదివాడు. లేచి తలుపు వేసి వచ్చాడు.

"దీన్ని చింపెయ్యి," అన్నాడు. "నువ్వివ్వలేదు, నేను చూడలేదు. వచ్చే వారం పదకొండు మందినీ ఏదో వంక పెట్టి మళ్ళీ పరీక్షకి పిలుద్దాం."

"వారం ఎందుకు సార్, ఇప్పుడే దింపండి."

"దింపితే సాయంత్రం బండ్లు ఎవరు తోలతారు, నేనా? ఇది పైకెళ్తే ముందు పోయేది నీ ఉద్యోగం. తర్వాత కేసు. అర్హత లేనివాణ్ణి రోడ్డు మీదకి పంపింది నువ్వే అంటారు. అర్థమవుతోందా?"

"అవుతోంది సార్."

"పన్నెండోవాడు మీ బావ కదూ?" మేనేజరు గొంతు తగ్గించాడు. "జనం ఏమనుకుంటారో అది కూడా అర్థమవుతోందా?"

"జనం ఏదన్నా అనుకోనీండి. కాగితం విచారణ అధికారికి పంపండి. మీరు పంపకపోతే నేనే ఇస్తాను."

ఆయన ఎలక తోక పట్టుకున్నట్టు ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో ఎత్తి ఫైల్లో పెట్టాడు.

రెండున్నరకి బావ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం. అక్క గేటు దగ్గరే ఆగిపోయింది. లోపలికి రానివ్వరు.

వరండాలో బెంచీ మీద ఇద్దరూ పక్కపక్కన కూచున్నారు.

"ఏంటి మరదలా, మొహం అలా పెట్టావు? జైలుకెళ్ళేది నేనా, నువ్వా?"

"బావా, నీ తప్పు కాదు."

"ఆ మాట మీ అక్క రోజూ పొద్దున్నే కాఫీతో పాటు ఇస్తోందిలే."

"అలా కాదు. విను." ఆమె చెప్పింది. ఎనభై, మళ్ళీ ఎనభై. ఏడొందల ముప్ఫై అయిదు.

బావ వెంటనే ఏమీ అనలేదు. ఈ మధ్య ఆయన ఏ మాటకీ వెంటనే బదులివ్వడం లేదు. దిగులు వల్ల అనుకున్నారు ఇంట్లో. ఆమె కూడా అలాగే అనుకుంది. అలలు కొలిచే మనిషై ఉండీ.

"నాకు తెలుసే," అన్నాడు చివరికి.

"ఏం తెలుసు?"

"కాలు బరువెక్కిందని. వేసవి నుంచీ. సిగ్నల్ పడితే చూస్తాను, తొక్కుదామనుకుంటాను, ఎవరో పై మేడ నుంచి దిగొస్తున్నట్టు నింపాదిగా వచ్చేది కాలు. వయసు మీద పడింది, మానేద్దామనుకున్నా. మీ అక్కతో అన్నాను కూడా." ఆయన మోకాలు రుద్దుకున్నాడు. "తర్వాత నువ్వు పరీక్ష పెట్టావు. ఆరొందల యాభై అయిదు బావా, గుర్రంలా ఉన్నావు అన్నావు. నీ మిషనే బావుందంటే నాదే భ్రమ అనుకున్నా."

గుర్రంలా అన్న మాట తనదే. ముద్ర కొడుతూ అంది.

"ఏడవకు. ఎవరన్నా చూస్తారు." బావ చొక్కా జేబులోంచి రుమాలు తీసిచ్చాడు. "సరేగానీ, ఇది బయటికొస్తే నీకేమవుతుంది?"

"ఉద్యోగం పోతుంది."

"అంతేనా?"

ఆమె తలవంచుకుంది. "కేసు కూడా పెట్టచ్చు."

బావ గేటు వైపు చూశాడు. ఊచల అవతల అక్క, చేతిసంచి గుండెకి అదుముకుని, ఎండలో నిలబడి ఉంది. మిల్లీ మేడంకి తొమ్మిదేళ్ళప్పుడు ఆమెని ఇలాగే ఒక చేతిసంచితో ఈ బావ ఇంటికి తీసుకొచ్చింది అక్క. నా చెల్లెలు కూడా మనతోనే ఉంటుంది అని చెప్పింది. ఉండనీ, నాకు ఒక కూతురు ఉచితంగా వచ్చింది అన్నాడట బావ. అక్క ఇప్పటికీ ఆ మాట చెప్పి మురిసిపోతుంది.

"ఎవరికన్నా చెప్పావా ఇంకా?" అని అడిగాడు.

ఆమె నోరు తెరిచేలోపే తలుపు తెరుచుకుంది. గుమాస్తా పిలిచాడు. "రండి, సార్ వచ్చేశారు."

ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పే తీరిక దొరకలేదు.

విచారణ అధికారి బక్కపల్చటి మనిషి. గట్టిగా మాట్లాడడు, ఎవర్నీ కసరడు. ఆమె రాసిన కాగితం ఆయన ఫైల్లోనే ఉంది. దాని ఊసెత్తకుండా అన్నాడు. "మిషన్ ఈ రోజే సరిచూశారని తెలిసింది. మంచిది. ఈయనకి మళ్ళీ ఒకసారి పరీక్ష పెడదాం. మేడం, మీరు బంధువులు కాబట్టి పక్కన కూచోండి. సర్వీస్ ఆయన చేస్తాడు."

ఆమె గోడవారగా కూచుంది. బావ సీటెక్కాడు. తీగల టోపీ నెత్తికి బిగించారు.

దీపం వెలిగింది.

మొదటి అయిదింటికి అంకెలు ఎనిమిదొందలకి అటూ ఇటూ వచ్చాయి. ఆమెకి లోపలెక్కడో ఒక మూల కుదుటపడింది. అయిపోయింది, ఇంక జైలు లేదు. ఆసుపత్రే.

ఆరోదానికి రెండొందల పది వచ్చింది.

ఆమె ముందుకి వంగింది. ఏడోది కొట్టేశారు. దీపం కంటే ముందే తొక్కేశాడు. ఎనిమిది, రెండొందల నలభై. తొమ్మిది, కొట్టివేత. పది, ఎనిమిదొందల అరవై.

ఆమెకి అర్థమైపోయింది. డిపోలో దాన్ని 'ముందు తొక్కుడు' అంటారు. దీపానికీ దీపానికీ మధ్య రెండు నుంచి అయిదు సెకన్ల విరామం ఉంటుంది. ఎంతన్నది ఎవరికీ తెలీదు. అయినా దీపం కోసం ఆగకుండా అంచనా మీద తొక్కుతూ పోతే కొన్ని దీపం కన్నా ముందు పడతాయి, వాటిని మిషన్ కొట్టేస్తుంది. కొన్ని సరిగ్గా దీపం వెనకే పడతాయి, అవి లెక్కలోకొస్తాయి. మామూలు మనిషికి నలభైలో ఒకటో రెండో కొట్టివేతలుంటాయి. అయిదు దాటితే ఆమె కాగితం చింపి, ఇంటికెళ్ళి పడుకుని రేపు రా నాయనా, అనేది. ఆ అయిదు ఆమె సొంత పద్ధతి. నియమాల పుస్తకంలో లేదు.

"సార్, ఆపండి," అంది లేచి.

"కూచోండమ్మా."

"ఆయన ఊహించి తొక్కుతున్నాడు సార్! బావా, ఏం చేస్తున్నావు నువ్వు?"

బావ తల తిప్పలేదు. కళ్ళు స్క్రీన్ మీదే. చెమట కణత మీంచి మెడలోకి దిగుతోంది. కాలు తొక్కుతూనే ఉంది.

నలభై అయ్యాయి. సర్వీస్ ఆయన కాగితం లాగి చదివాడు. "కొట్టివేతలు పదిహేను. మిగతా ఇరవై అయిదింటి సగటు ఆరొందల నలభై."

"అంటే ఏడొందల లోపే," అన్నాడు అధికారి.

"సార్, ఒకటి రెండొందలు, పక్కది ఎనిమిదొందల అరవై! నిజంగా చూసి తొక్కేవాడికి ఇలా చెల్లాచెదురుగా రావు. ఇటు చూడండి, ఈ మొదటి అంకె చూడండి. మెదడులో అల. ఆరోగ్యమైన మనిషికి మూడొందల యాభైకి లేస్తుంది. ఈయనకి నాలుగొందల ఎనభై. నలభై దీపాలకీ అంతే. కాలు ఊహించగలదు సార్, అది ఊహించలేదు. వెలుగు నిజంగా కంట్లో పడ్డాకే లేస్తుంది!"

ఆయన ఆమె చూపించిన వరస శ్రద్ధగానే చూశాడు. నియమాల పుస్తకం తీసి పేజీ తిప్పాడు. దాన్ని ఆమె వైపు తోశాడు.

"ఇందులో కాలు ఉంది, మేడం. మెదడు లేదు. కొట్టివేతలు పోను మిగిలిన వాటి సగటు తియ్యమంది, తీశాం. ఇంకేం చెయ్యమంటారు నన్ను?"

"ఇంకో డాక్టరు చేత..."

"సరిచేసిన మిషన్ మీదే అర్హుడని వచ్చింది. ప్రమాదానికి మూడు వారాల ముందు ఏం వచ్చినా, ఆ రోజు ఈయన చూసి ఉంటే ఆపగలిగేవాడు." ఆయన బావ వైపు తిరిగాడు. "మీరు చెప్పేదేమన్నా ఉందా?"

బావ టోపీ కిందనుంచి చూశాడు. కొంచెంసేపటికి అన్నాడు. "లేదండి. నేను దిక్కులు చూస్తున్నాను. పరధ్యానం. ఈవిడ ముద్ర సరైనదే. నన్ను కాపాడదామని ఏదేదో చెబుతోంది. పిచ్చిపిల్ల, పట్టించుకోకండి."

"బావా!"

"ఆ సంగతి ఎటూ మాట్లాడాలి," అన్నాడు అధికారి. ఫైల్లోంచి ఆమె సంతకం ఉన్న పేజీ తీసి బల్ల మీద పరిచాడు. "పొద్దున ఈవిడ రాసిచ్చిన కాగితం. ఎనిమిది నెలలు తప్పుడు అంకెలు రాశానని సంతకం చేశారు. సర్వీస్ ఆయన కూడా ధ్రువపరిచాడు. ఇందులో ఉన్న పదకొండు మందినీ రెండింటికే డ్యూటీ నుంచి తప్పించాను. ఈవిడ సస్పెన్షన్ మీదా, కేసు మీదా కూడా రాసేశాను." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆవిడ తప్పు ఆవిడదీ, మీ తప్పు మీదీ. ఒకటి ఇంకోదాన్ని మాపదు."

ఆ రోజు జరిగిన మంచి ఏదన్నా ఉంటే, ఆ పదకొండు మంది స్టీరింగు దిగడమే.

బావ ఆ పేజీ వంక చూస్తున్నాడు. కింద ఉన్న సంతకం, దాని పక్కన వేసిన టైము. పావు తక్కువ పన్నెండు. ఆయన మొహంలో మొదట ఏమీ లేదు. ఆ తర్వాత, చాలా ఆలస్యంగా, అర్థం కావడం మొదలైంది. అది వస్తున్నంతసేపూ ఆమె చూసింది. ఆపలేకపోయింది.

"ముందే ఇచ్చేశావా?" అన్నాడు.

"చెప్పబోయాను. పిలిచేశారు."

"ఒకళ్ళైనా మిగలాలనుకున్నానే, దానికి." గేటు వైపు చెయ్యి ఊపబోయాడు. టోపీ తీగలు అడ్డొచ్చాయి. "మళ్ళీ పెట్టండి సార్ పరీక్ష. ఈసారి చూసి తొక్కుతాను. ఒట్టు. దీపం చూసే తొక్కుతాను."

అధికారి కళ్ళజోడు పెట్టుకున్నాడు. "అడిగినప్పుడల్లా కొత్త అంకె ఇచ్చేది పరీక్ష ఎలా అవుతుందయ్యా?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. కోపమైనా ఉంటే బతిమాలుకోవడానికి ఏదో ఒక సందు దొరికేది.

సర్వీస్ ఆయన తీగలు ఒక్కొక్కటే ఊడదీశాడు. తల దించుకునే ఊడదీశాడు.

నాలుగింటికి జీపు వరండా మెట్ల దాకా వచ్చింది. వార్త అప్పటికే గేటు దాటినట్టుంది. అక్క ఊచలు పట్టుకుని లోపలికి అరుస్తోంది. "చెల్లీ! ఏమైందే? ఆయన్నెక్కడికి తీసుకెళ్తున్నారు? నువ్వున్నావుగా లోపల!"

"ఎక్కు," అన్నాడు కానిస్టేబులు జీపు వెనక తలుపు తీసి.

బావ తలుపు ముందు నిలబడ్డాడు.

"ఎక్కమంటే నీక్కాదూ?"

బావ జీపు మెట్టు వంకే చూస్తున్నాడు. కుడికాలు నేల మీదే ఉంది.

"పొగరు చూడు," అన్నాడు కానిస్టేబులు. "మనిషిని చంపి కూడా..." అంటూ వీపు మీద చెయ్యేసి తోశాడు. బావ ముందుకి తూలి మోకాలు మెట్టుకి కొట్టుకున్నాడు. నొప్పికి మొహం ముడుచుకోవడం కూడా ఒక్క క్షణం తర్వాతే జరిగింది.

"ఆగండి!" ఆమె మెట్లు దిగి పరుగెత్తింది. "తొయ్యకండి, ఆయనకి వినపడింది! ఎక్కుతున్నాడు. కొంచెం ఆగితే చాలు, ఎక్కుతున్నాడు!"

కానిస్టేబులు ఆమె వంక వింతగా చూశాడు. అక్క గేటు ఊపుతోంది.

అప్పుడు లేచింది బావ కాలు.